చంద్రుడు యాడ సామీ?

పోయినేడు మాఘంలో చంద్రగిరి అవతల ఒక పల్లె నుంచి ముగ్గురు కుర్రాళ్లు మా షాపుకొచ్చారు. వాళ్ల ఊరి పాత గుడికి కుంభాభిషేకం. మండపం గోడ మీద రాతిలో చెక్కిన ముద్ర ఒకటి ఉందట, దాన్ని ఫోన్లో ఫోటో తీసుకొచ్చారు. ఒక వరాహం, దాని ముందు నిలువుగా కత్తి, పైన సూర్యుడూ చంద్రుడూ. విజయనగర రాజుల లాంఛనం. ఈ చుట్టుపక్కల పాత గుళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, చూసి కూడా పట్టించుకోకుండా ప్రసాదం వరసలోకి పోయి ఉంటారు. "అన్నా, దీన్ని నీట్‌గా వెక్టర్ చేసియ్యన్నా, పత్రిక మీద ఏసుకుంటాం, ఫ్లెక్సీకి ఏసుకుంటాం, బండ్లకి రేడియం స్టిక్కర్లు కూడా కొట్టిస్తాం" అన్నారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అంటే అప్పటికే సగం ప్రాణం పోయినట్టు. రాయి మీద ఎన్ని తరాల సున్నమో, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. వెక్టర్ అంటే పిక్సెల్ చుక్కలతో కాకుండా గీతలూ వంపులతో కట్టిన బొమ్మ. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో తెరిచి, ఫోటోను దానంతట అదే గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టాను. వరాహంతో పాటు సున్నం పెచ్చులు కూడా వందల చుక్కలుగా దిగాయి. దానికి మందుంది కదా, ఇన్ని పిక్సెళ్ల కంటే చిన్నదేదైనా కనపడితే చెత్త కింద లెక్కగట్టి పారెయ్ అని చెప్పే సెట్టింగు. మామూలుగా అది 2 దగ్గర ఉంటుంది. నేను పెంచుకుంటూ పోయాను, తెర శుభ్రంగా అయ్యేదాకా. పది నిమిషాల పని. నాలుగొందలు తీసుకున్నాను, కుర్రాళ్లు సంతోషంగా పోయారు.

కుంభాభిషేకం రోజు నన్నూ పిలిచారు, పోయాను. ఊరి మొదట్లోనే ఇరవై అడుగుల ఫ్లెక్సీ. దాని కింద ఒక పెద్దాయన, భుజం మీద తువ్వాలు, మెడ పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాడు. ఇది చేసింది ఈయనే అని ఎవరో నన్ను చూపించినట్టున్నారు. "అంతా బాగుండాది. చంద్రుడు యాడ సామీ?" అన్నాడు.

అప్పుడు చూశాను. సూర్యుడు గుండ్రంగా ఉన్నాడు. ఆ పక్కన ఏమీ లేదు. రాతి మీదే అరిగిపోయి సన్నటి నెలవంకగా మిగిలిన చంద్రుడు, ఫోటోలో నాలుగు ముక్కలై, ఆ ముక్క ఒక్కొక్కటీ నేను పెట్టిన లెక్క కంటే చిన్నదై, సున్నం పెచ్చులతో పాటు ఊడ్చుకుపోయాడు.

చంద్రుడు పోతే ఏమైంది, బొమ్మ బాగానే ఉంది కదా అని నాతో ఆ రోజు ఇద్దరు ముగ్గురు అన్నారు. పాత దాన శాసనాల్లో "ఆచంద్రార్కం" అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత కాలం ఈ మాన్యం చెల్లుతుంది, ఎవడూ లాక్కోకూడదు అని. రాతి మీదా రాగిరేకు మీదా ఆ ఇద్దరినీ చెక్కేది ఈ మాటకే, సాక్షి సంతకం లాగా. నేను ఇచ్చిన ఫైలు ప్రకారమైతే ఆ గుడి మాన్యం పగటి పూట మాత్రమే చెల్లుతుంది, రాత్రి ఎవరిష్టం వాళ్లది.

అందుకే ఈ పోస్టు. లాంఛనాన్ని వెక్టర్ చేయడమంటే ముందు దాన్ని చదవాలి, ఆ తరవాతే గీయాలి. ట్రేస్ బటన్‌కు చదువు రాదు. ఇదే నా వాదన, మా ఫీల్డులో ఇప్పుడు చాలామందికి నచ్చని వాదన, ఎందుకంటే చదవడానికి ఎవరూ డబ్బులివ్వరు.

ముందు ఆ బటన్ చేసే పనేంటో చూడండి. ఇంక్‌స్కేప్‌లో లోపల నడిచేది పోట్రేస్ అనే ప్రోగ్రాం, పీటర్ సెలింగర్ అనే గణిత ప్రొఫెసర్ రాసింది. చాలా గొప్ప పని, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. నల్లటి పిక్సెళ్లు ఎక్కడ ఆగి తెల్లవి ఎక్కడ మొదలయ్యాయో ఆ అంచు పట్టుకుని నడుస్తుంది, ఆ మెట్లమెట్ల అంచుకు బాగా అతికే వంపుల్ని లెక్కగట్టి ఇస్తుంది. అంతే. అది పంది తోకో, పందికి తగులుకున్న బూజో దానికి ఒకటే. కోరల్ డ్రాలో పవర్ ట్రేస్ వాడండి, ఇంకేదైనా వాడండి, కథ ఇదే.

రాతి శిల్పం విషయంలో ఇంకో తమాషా ఉంది. రాయికి గీతలుండవు, ఎత్తుపల్లాలే ఉంటాయి. ఫోటోలో మనకు గీతలా కనపడేది నీడ. ఉదయం ఎండ ఒక పక్క నుంచి పడితే వరాహం వీపు కింద లావుపాటి నల్లగీత వస్తుంది, సాయంత్రం తీస్తే అది పొట్ట వైపుకు పోతుంది. రెండు ఫోటోలూ ట్రేస్ కొడితే రెండు వేరే జంతువులు వస్తాయి. నేను కొట్టి చూశాను, సాయంత్రంది అచ్చం ఎలుగుబంటి. అంటే మనం ట్రేస్ చేస్తున్నది శిల్పి చెక్కిన వరాహాన్ని కాదు, ఆ రోజు పదిన్నరకు పడిన ఎండని.

ఈ చదవడం అనే గొడవ యూరప్ వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. అక్కడ హెరాల్డ్రీ అని పెద్ద శాస్త్రమే ఉంది, 12వ శతాబ్దంలో డాళ్ల మీద గుర్తులు వేసుకోవడం నుంచి పెరిగింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఒక వంశపు చిహ్నం అంటే బొమ్మ కాదు వాళ్లకి, వాక్యం. బ్లేజన్ అంటారు. ఎర్రటి నేల, దాని మీద వెనక కాళ్ల మీద లేచిన బంగారు సింహం, అని అంతే చెబుతుంది. ఏ ఎరుపో చెప్పదు, జూలు ఎన్ని పాయలో చెప్పదు, తోక ఎటు మెలి తిరగాలో చాలాసార్లు చెప్పదు. పదిమంది చిత్రకారులు పది సింహాలు గీస్తారు, పదీ ఆ వంశం చిహ్నమే. వాక్యం తప్పకపోతే చాలు. సింహాన్ని కూర్చోబెట్టావా, ఎంత అందంగా గీసినా అది వేరే ఇంటివాడి చిహ్నమైపోతుంది.

మనకిది కొత్తేం కాదు. స్థపతి విగ్రహం చెక్కేముందు ధ్యాన శ్లోకం చూసుకుంటాడు. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, నిలబడ్డాడా కూర్చున్నాడా. ముక్కు వంపు, పెదవి మీది నవ్వు ఆయన సొంతం. శంఖం చక్రం చేతులు మారితే మాత్రం మూర్తే మారిపోతుంది, విష్ణువు చతుర్వింశతి మూర్తుల్లో కేశవుడు ఎవరో మాధవుడు ఎవరో తెలిసేది ఆ నాలుగు చేతుల్లో ఏది ఎక్కడుందో చూసే కదా. తిరుపతిలో పుట్టినవాడికి ఈ మాట ఇంకొకడు చెప్పాలా?

మన దేశ చిహ్నానికీ అలాంటి వాక్యం ఉంది, చట్టంలోనే. 2005 నాటి చట్టం అనుబంధంలో రాసిపెట్టారు: పీఠం మీద మూడు సింహాలు, పీఠం మధ్యలో ధర్మచక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరిగెత్తే గుర్రం, రెండు కొసల్లో ధర్మచక్రాల అంచులు, కింద దేవనాగరిలో సత్యమేవ జయతే. ఇక్కడ కుడి అంటే చూసేవాడి కుడి. యూరప్ హెరాల్డ్రీలో కుడి అంటే డాలు పట్టుకున్నవాడి కుడి, అంటే మనకు ఎడమ. ఈ ఒక్క తేడా తెలియక బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేసిన ఫైళ్లు నా చేతికి చాలా వచ్చాయి, కారు అద్దం లోపలి నుంచి అతికించే స్టిక్కర్ల విషయంలో మరీను. (విజిటింగ్ కార్డు మీద మూడు సింహాలు వేయమని వచ్చేవాళ్లకు నేను వేయను. నెలకొకరు వస్తారు. "ఎవరడుగుతారన్నా" అంటారు. చట్టం అడుగుతుంది.)

ఇక నేను చేసిన రెండో తప్పు. ఇది ఇంకా పాతది. చిత్తూరులో ఒక పాత స్కూలు పూర్వ విద్యార్థులు వాళ్ల నాన్నల కాలం నాటి సర్టిఫికెట్ ఒకటి తెచ్చి, దాని మీది డాలు గుర్తును వెక్టర్ చేయమన్నారు. తెల్లవాళ్ల కాలం నాటి అచ్చు, నలుపు తెలుపు. డాలు పైసగం నిండా సన్నటి నిలువు గీతలు, కింద సగం నిండా అడ్డ గీతలు. నేను మహా శ్రద్ధగా, ట్రేస్ కొట్టకుండా, ఆ గీతలన్నీ చేత్తో గీశాను. సమాన దూరంలో, సమాన మందంలో. రెండు రోజులు పట్టింది. ఎంత బాగా వచ్చిందంటే జూమ్ చేసి చూసుకుని మురిసిపోయాను.

ఆ నిలువు గీతలకు అర్థం ఎరుపు అని. అడ్డ గీతలకు అర్థం నీలం అని. రంగులు అచ్చు వేయలేని రోజుల్లో చెక్కడపు పనివాళ్లు పెట్టుకున్న గుర్తులవి. 1638లో రోములో సిల్వెస్టర్ పెట్రా సాంక్టా అనే జెసూయిట్ పాదిరి అచ్చువేసిన పుస్తకంతో ఈ పద్ధతి అంతటా పాకింది. చుక్కలుంటే బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి, ఏటవాలు గీతలు ఆకుపచ్చ, నిలువూ అడ్డమూ కలిపి గళ్లు గీస్తే నలుపు. నాకది ఫైలు ఇచ్చేసిన ఏడాదికి తెలిసింది. అంటే ఎవరో నాకు తెలుగులో "ఎరుపు" అని రాసిన కాగితం ఇస్తే, నేను ఆ ఎ, రు, పు అనే అక్షరాల వంపుల్ని బ్రహ్మాండంగా గీసి, రంగు వేయకుండా ఇచ్చినట్టు. వాళ్లు ఇప్పటికీ ఆ గీతల డాలునే బ్యానర్ల మీద వేసుకుంటున్నారు. ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడు అందరికీ అలవాటైపోయిందిలే" అన్నారు.

చెప్పొచ్చేదేమంటే ఇక్కడ తప్పు మెషీన్‌ది కాదు, చేత్తో గీసినా చదవకపోతే ఇంతే.

హెరాల్డ్రీలో రంగుల మీద ఇంకో నియమం ఉంది, బంగారం వెండి అనేవి లోహాలు, మిగతావి రంగులు, లోహం మీద లోహం రంగు మీద రంగు వేయకూడదని. జెరూసలేం రాజ్యం చిహ్నంలో వెండి మీద బంగారు శిలువలు వేసుకుని కావాలనే దాన్ని దాటారు, అది వేరే సంగతి. పసుపు మీద తెల్లక్షరాలు వేస్తే బైపాస్‌లో పోయేవాడికి కనపడవని ఫ్లెక్సీ డిజైన్ చేసే ఏ కుర్రాడికైనా తెలుసు, కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను.

ఎక్కువ చెప్పాల్సింది స్కేలు గురించి. వెక్టర్ అంటే ఎంత పెంచినా ఎంత తగ్గించినా పగలదు అని అందరం చెప్పుకుంటాం, నేనూ కస్టమర్లకు అదే చెబుతాను. లెక్క ప్రకారం నిజమే. వెక్టర్ బొమ్మను దాచుకునే ఎస్‌వీజీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అక్షరాలే కనపడతాయి. ఎం అంటే పెన్ను ఇక్కడ పెట్టు, సి అంటే వంపు తిప్పు, జెడ్ అంటే మొదలైన చోటికొచ్చి మూసెయ్. ఆ వంపుకి నాలుగు బిందువులు, రెండు కొసలు, రెండు లాగే పిడులు. కార్ల కంపెనీల్లో రేకు వంపులు గీయడానికి పుట్టిన లెక్క, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియరీ బెజియే, పేరు మాత్రం బెజియేకి దక్కింది. 2001లో వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ ఎస్‌వీజీని ప్రమాణంగా ప్రకటించింది. గోరంత బొమ్మకీ గోపురమంత బొమ్మకీ అవే అంకెలు.

లెక్క పగలదు సరే, చూసే కన్ను పగులుతుంది. అచ్యుతదేవరాయలు, మన తిరుమలలోనూ కాళహస్తిలోనూ పట్టాభిషేకం చేసుకున్నాయనే, ఆయన బంగారు వరాహ అనే నాణెం మీద గండభేరుండం ఉంటుంది. నాణెం మూడున్నర గ్రాముల లోపు, వెడల్పు వేలి గోరంత. అంత చోటులో రెండు తలల పక్షి, ముక్కుల్లోనూ గోళ్లలోనూ ఏనుగులు. ఆ అచ్చు చెక్కినవాడు ఏం చేశాడో భూతద్దంలో చూడండి. ఈకలు లేవు, ఏనుగుకు కళ్లు లేవు, తొండం ఒక వంపు, ఒళ్లు ఒక ముద్ద. అయినా ఏనుగని తెలుస్తుంది. గుడి స్తంభం మీద అదే గండభేరుండాన్ని చెక్కేటప్పుడు ఈక ఈకా చెక్కుతారు. ఆ స్తంభం బొమ్మను తీసుకుని వెక్టర్ చేసి చొక్కా బ్యాడ్జీ సైజుకు కుదిస్తే, పగలదు, నల్లటి మరక అవుతుంది. స్కేలబుల్ అనే మాటకు పనివాడి భాషలో అర్థం, చిన్నదానికి ఒక గీత, పెద్దదానికి ఒక గీత, రెండూ ఒకే వాక్యానికి. నేనిప్పుడు ఏ లాంఛనానికైనా రెండు ఫైళ్లు ఇస్తాను. రెండో దానికి డబ్బులడిగితే "సైజు తగ్గించడానికి కూడా డబ్బులా" అని కొట్లాడేవాళ్లున్నారు, కానివ్వండి.

ఇంకా నోడ్ల సంగతి, అంటే గీత వంపులు ఒకదాన్నొకటి కలిసే బిందువులు. ట్రేస్ కొట్టిన ఆ వరాహానికి రెండు వేలకు పైగా నోడ్లు వచ్చాయి. అదే చేత్తో గీస్తే రెండు వందల లోపే. తెర మీద తేడా తెలియదు. స్టిక్కర్ షీటును బ్లేడుతో కోసే రేడియం కటింగ్ ప్లాటర్‌కి పంపితే తెలుస్తుంది, బ్లేడు ప్రతి నోడు దగ్గరా తడబడుతుంది, వరాహం కోర దగ్గరికొచ్చేసరికి షీటు చిరిగి గుండ్రంగా చుట్టుకుపోతుంది. గీత మందం బొమ్మతో పాటు పెరగాలన్న టిక్కు పెట్టడం మరిచిపోయి, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వెంట్రుకంత గీతలతో బొమ్మ వేయించిన రోజులు కూడా ఉన్నాయి నాకు. దాని గురించి వద్దులే.

ఇప్పుడు నా వాదనకు అడ్డం తిరిగే సంగతి ఒకటుంది, దాన్ని దాచిపెడితే బాగుండదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు ఒకాయన గుడ్డ మీద వేసిన వరాహాన్ని వెక్టర్ చేసే పని వచ్చింది నాకు. ఆ గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపి తడిపి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల మసి పాకదు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానబెట్టిన కసిమి అనే నల్లరంగులో వెదురు కలం ముంచి ఒక్క ఊపున గీస్తారు. కలం చివర చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కితే గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఆ వరాహం వీపు గీత మెడ దగ్గర లావుగా మొదలై తోక దగ్గరికొచ్చేసరికి దారమంత అయిపోతుంది. మధ్యలో ఒకచోట ఆయన ఊపిరి తీసుకున్నట్టు చిన్న వణుకు.

నా పద్ధతి ప్రకారం చదివాను, వాక్యం రాసుకున్నాను, చేత్తో శుభ్రంగా నూట చిల్లర నోడ్లతో గీశాను. చూస్తే ఆఫీసు బోర్డు మీద బొమ్మలా వచ్చింది. ఏదీ తప్పలేదు, సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, కత్తి నిలబడి ఉంది, ప్రాణం లేదు. ఆ గుడ్డనే బాగా స్కాన్ చేసి ట్రేస్ కొడితే ఆ వణుకుతో సహా దిగింది. అదే ఇచ్చాను.

కాబట్టి ట్రేస్ వద్దనడం లేదు. మనకు కావాల్సింది ఆ చిత్రకారుడి చెయ్యి అయితే ట్రేస్ కొట్టు, మంచి స్కాన్‌తో కొట్టు, చుక్కలు తీసే సెట్టింగును సున్నా దగ్గర పెట్టి ఒక్కొక్క చుక్కనూ నువ్వే చూసి తీయి. కావాల్సింది లాంఛనమైతే చదివి గీయి. ఈ రెండింటిలో ఏది కావాలో పని తెచ్చినవాడు చెప్పడు, వాడికి తెలియదు, మనమే అడగాలి. కొత్తగా వచ్చిన ఏఐ టూళ్లు మబ్బుపట్టిన ఫోటోను కూడా అద్దంలా చేసి ఇస్తున్నాయని మా పక్క షాపు కుర్రాడు మురిసిపోతుంటాడు. మొన్న ఒక పాత ముద్ర ఫోటో వేస్తే అరిగిపోయిన చోట పందికి ఏనుగు దంతాలు మొలిపించింది. పోట్రేస్‌కు చదువు రాదు కానీ కనీసం అబద్ధం ఆడదు.

ఇంకొక్క మాట, పనికొచ్చేది. ఎస్‌వీజీ ఫైలులో బొమ్మతో పాటు పేరు, వివరణ రాసుకునే చోటు ఉంది, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్ తెరిస్తే కనపడుతుంది. దాదాపు ఎవరూ వాడరు. నేను ఇప్పుడు గీత మొదలుపెట్టే ముందే అందులో తెలుగులో వాక్యం రాస్తున్నాను: "వరాహం, దాని ముందు నిలువు కత్తి, పైన సూర్యుడు, చంద్రుడు." ప్రతి భాగాన్నీ విడి గ్రూపు చేసి దానికి పేరు పెడుతున్నాను. రేపు ఎవడైనా ఆ ఫైలు తెరిచి చంద్రుణ్ణి చెరిపితే, తెలిసే చెరిపినట్టు. ఫైలు అచ్చుకు పోయే ముందు వాక్యం చదువుతూ ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది, మంత్రం చదువుతున్నావా అని.

ఆ పల్లె కుర్రాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి గ్రానైట్ శిలాఫలకం, రాతిలో చెక్కుతారు, ఫ్లెక్సీలా చింపి పారేయడానికుండదు. వాట్సాప్ ఫోటో తీసుకోనని చెప్పి, చీకటి పడ్డాక టార్చి పట్టుకుని నేనే పోయాను. లైటును గోడకు ఆనించినట్టుగా పక్క నుంచి వేస్తే పగలు కనపడనివన్నీ లేస్తాయి. చంద్రుడు కొమ్ములు పైకి పెట్టుకుని బాగానే ఉన్నాడు. ఆయనతో పాటు, వరాహం ముందరి కాలి దగ్గర, సున్నం కింద, గుండ్రంగా ఏదో ఉంది. చెక్కిందో, రాయి పెచ్చు ఊడిందో. తువ్వాలు పెద్దాయన "మా తాత దాన్ని శంఖం అనేవాడు" అన్నాడు. ఆయన తమ్ముడు "మన తాతకు రేచీకటి, నీకు తెలియదా" అన్నాడు. ఇద్దరూ అక్కడే మొదలుపెట్టారు.

సున్నం గీకితే తప్ప తేలదు, గీకడం మొదలుపెట్టడానికి పూజారి మంచిరోజు చూస్తున్నాడు. ఫైలులో ఆ చోట ఒక గ్రూపు పెట్టి, దానికి "తెలియదు" అని పేరు రాసి, ఖాళీగా వదిలాను. గ్రానైట్ కోసేవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.